ఖాళీ అని రాసిన గది

ఒంటిగంటా పది అయింది. నాలుగింటికి గోడలు కూల్చే యంత్రం వస్తుంది. ఈలోగా నేను ఒక మనిషిని వెతికి పట్టుకోవాలి. అంతకంటే ముందు, అలాంటి మనిషి ఒకడు ఈ గదిలో ఉండేవాడని ఇన్‌స్పెక్టర్‌ని ఒప్పించాలి. రెండోదే కష్టమని నాకు అనుభవం మీద తెలుసు.

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో చాటుగా ‘ఇస్త్రీ’ అంటారు. ఎండలో గంటసేపు నిలబడినా చొక్కా మీద ఒక్క మడత పడనివ్వడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. ఇప్పుడు నేను ఉద్యోగం వదిలేసి సైకిల్ షాపు మీద గది తీసుకుని, తప్పిపోయినవాళ్లని వెతికిపెట్టే పని చేస్తున్నాను. నన్ను ఇంకా ‘గురువు గారూ’ అనే పిలుస్తాడు. అందులో గౌరవం ఎంతుందో చూడాలంటే భూతద్దం కావాలి.

“గురువు గారూ, పేట మొత్తం ఇందులో ఉంది” అని తన చేతిలోని టాబ్ నా మొహం ముందు పెట్టాడు. “మూడు వందల ఆరు గదులు. ఒక్కటి కూడా వదలకుండా వెతికించాను. మీ మేస్త్రి ఎక్కడా లేడు. తాళం వేసుకుని ఎటో వెళ్లాడు. నాలుగింటికి ఈ వరస పడిపోతుంది. మీరు కాస్త నీడకి వెళ్లి కూర్చోండి.”

ఈ పేటకి మొన్నటిదాకా పటమే లేదు. సందులకు పేర్లు లేవు, గదులకు నంబర్లు లేవు, ఎంతమంది ఉంటున్నారో ఎవరికీ తెలియదు. అందుకని డ్రోన్ ఎగరేసి పైనుంచి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలతో పటం తయారుచేసి, కనిపించిన ప్రతి గదికీ ఒక నంబరిచ్చారు. తర్వాత టాబ్‌లు పట్టుకున్న సర్వేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఏ నంబరులో ఎందరున్నారో నింపారు. లెక్కలోకి వచ్చినవాళ్లకి కొత్త భవనంలో గది ఇస్తారు. ఖాళీ అని తేలినవాటిని డ్రైనేజీ పైపు కోసం ముందుగా కూల్చేస్తారు. మేస్త్రి గది రెండు వందల పన్నెండు. దాని ఎదురుగా ‘ఖాళీ’ అని పడింది.

ఆ ఖాళీ గదిలో పదకొండేళ్లుగా ఒక మనిషి ఉన్నాడని చెప్పేది లోకంలో ఒక్కరే. ఆవిడ పక్క గదిలో ఉంటుంది, ఈ వరసలో అదే చివరిది; మిగతా గదులవాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. యాభై దాటిన మనిషి. పొద్దున్న ఎనిమిదింటికి రైల్వే ప్లాట్‌ఫారం నుంచి తిన్నగా నా గదికి వచ్చింది. రెండు రాత్రులుగా స్టేషన్లోనూ బస్టాండులోనూ వెతుకుతూనే ఉందట, ఇంటి మొహం చూడలేదట. మెళ్లో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాలన్న ధ్యాస కూడా లేదు.

ఆవిడ చెప్పింది ఇంతే. మేస్త్రి గారికి డెబ్బై ఏళ్లు. ఫ్యాన్ల మోటార్లకు వైండింగ్ చేస్తారు. ఈ మధ్య మతిమరుపు పెరిగింది. సోమవారం పొద్దున ఎనిమిదింబావుకి తను పనికి వెళ్లేటప్పుడు గదిలోనే ఉన్నారు. సాయంత్రం ఆరున్నరకి వచ్చి చూస్తే తలుపు దగ్గరగా వేసి ఉంది, మనిషి లేరు. ఆవిడ ఏడవలేదు. చీర కొంగు చివర పట్టుకుని, దారప్పోగులు ఒక్కొక్కటే లాగుతూ చెప్పింది. నా గదికి ఇంతకు ముందు వచ్చినవాళ్లంతా భర్త కోసమో కూతురు కోసమో వచ్చారు. పక్కింటి మనిషి కోసం వచ్చింది ఈవిడే. నేను తప్పిపోతే నాలుగు వీధులు తిరిగేవాళ్లు ఎవరున్నారా అని ఒక్క క్షణం ఆలోచించాను. జవాబు తెలిసిన ప్రశ్న కాబట్టి వదిలేశాను.

గది లోపలికి వెళ్లాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒక పక్క మంచం, ఇంకో పక్క విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. గుమ్మం పక్కన చెప్పుల జత ఉంది. కిటికీ గట్టు మీద కళ్లజోడు. మంచం మీద స్టూలు, స్టూలు పక్కన ఒక పానా.

“చెప్పులు లేకుండా, కళ్లజోడు లేకుండా, తాళం మాత్రం జాగ్రత్తగా వేసుకుని వెళ్లాడా?” అన్నాను.

“మతిమరుపు మనిషి కదా” అన్నాడు ఇస్త్రీ.

“మంచం మీద స్టూలెందుకు?”

“ఫ్యాను బాగుచేసుకోవడానికి. వైండింగ్ మేస్త్రి ఫ్యాను విప్పితే అది కూడా నేరమేనా గురువు గారూ?”

నాకు ఒళ్లు మండింది. ఫ్యాను గది మధ్యలో ఉంది, మంచం గోడ వారన ఉంది. అక్కణ్ణుంచి ఫ్యాను అందాలంటే చెయ్యి ఆరడుగులుండాలి. నేను స్టూలెక్కి పైకి చూశాను. కప్పు రేకుల్ని ఇనప గొట్టానికి కొక్కేలతో బిగించారు. నా తల మీది రేకుకి రెండు నట్లు లేవు. అవి రెండూ మంచం మీద, దిండు పక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మనిషికి దారి మర్చిపోయే జబ్బు వచ్చినా చేతులు పనితనం మర్చిపోలేదు. రేకు తోస్తే మనిషి పట్టేంత సందుగా లేచింది.

ఇస్త్రీ మొహంలో మొదటి మడత అప్పుడు పడింది. అయినా తగ్గలేదు. “సరే, పైనుంచి వెళ్లాడు. వెళ్లాడా లేదా? అది చెప్పండి” అన్నాడు.

తాళం బయట వేసి ఉంటే తప్ప, ఏ మనిషీ తన గదిలోంచి కప్పు విప్పుకుని బయటకు పోడు. ఆ మాట ఇంకా పైకి అనలేదు. ముందు సర్వే చేసిన అమ్మాయిని పిలిపించాను.

ఆ అమ్మాయి రెండింటికి వచ్చింది. ఎండకి తల చుట్టూ చున్నీ కట్టుకుంది, భుజానికి టాబ్ సంచీ. నెల రోజులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘మీ ఇంట్లో ఎంతమంది’ అని అడిగి అడిగి గొంతు బొంగురు పోయింది. సోమవారం ఏ సమయానికి ఈ తలుపు దగ్గరకు వచ్చిందో చూపించమన్నాను. టాబ్‌లో అన్నీ నిమిషాలతో సహా ఉంటాయి. పది యాభైకి మొదటిసారి వచ్చింది. తలుపు ఫొటో కూడా తీసింది. బయట గొళ్లేనికి తాళం స్పష్టంగా కనిపిస్తోంది.

“తాళం ఉంటే ఖాళీ అని రాసెయ్యొచ్చా?” అన్నాను.

“లేదు సార్. రెండోసారి రావాలి. అప్పుడు కూడా తాళం ఉంటేనే రాయాలి.”

“మరి రెండోసారి ఎప్పుడొచ్చావు?”

ఆ అమ్మాయి చున్నీ సర్దుకుంది. నేనే వేలితో తెర కిందకి జరిపాను. రెండోసారి, పది యాభై రెండు.

“రెండు నిమిషాల్లో ఎవరు వచ్చి తాళం తీస్తారనుకున్నావు?”

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ అలాగే చేస్తారట. తాళం ఉన్న గదికి మళ్లీ వస్తే ఆ రోజు వంతు పూర్తికాదు, పైవాళ్లు పటం చూసి నింపని గదుల ఎరుపు చుక్కలు ఇంకా ఎందుకున్నాయని నిలదీస్తారు. అందుకని తలుపు ముందే రెండు నిమిషాలు నిలబడి, రెండుసార్లు వచ్చినట్టు నొక్కేస్తారు. కోపం వచ్చినా, తిట్టడానికి నాకు నోరు రాలేదు. పోయిన నెల మా వీధికి కూడా ఇలాంటివాళ్లే వచ్చారు. నేను లోపలే ఉన్నాను, తలుపు కొడుతున్నా లేవలేదు. ఎంతమంది అని అడిగితే ఒక్కణ్ణే అని చెప్పాలనిపించలేదు. ఏ టాబ్‌లోనో నా గది కూడా ఖాళీగానే ఉండి ఉంటుంది.

తాళం ఫొటోని ఇంకోసారి చూసి, గుమ్మం బయట నిలబడ్డ దర్జీ ఆవిడ వైపు తిరిగాను.

“అమ్మా, పది యాభైకి ఈ తలుపుకి తాళం ఉంది. ఆరున్నరకి మీరు వచ్చేసరికి లేదు. మధ్యలో ఎవరు తీశారు?”

ఆవిడ చూపు గొళ్లెం మీదకి పోయింది.

“తాళం పగలగొట్టలేదు. తాళంచెవితో తీశారు. లోపల మనిషి ఉండగా బయట తాళం వేసినవాళ్లే తీశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

ఆవిడ జాకెట్టులోంచి చిన్న సంచీ తీసి, అందులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టింది. “నా దగ్గరే. నేనే వేశాను” అంది.

మూడు నెలల కిందట మేస్త్రి ఒక ఫ్యాను రెక్క పట్టుకుని బయటకు వెళ్లి, మూడు వీధుల అవతల దారి తెలియక నిలబడిపోయాడట. మర్నాటినుంచి పనికి వెళ్లేముందు ఆవిడ బయట తాళం వేయడం మొదలుపెట్టింది. పొద్దున్నే అన్నం, నీళ్లు లోపల పెట్టి వేసేది. సాయంత్రం వచ్చి తీసేది.

“ఆయన్ని అడిగారా?”

“అడగలేదు సార్. అడిగితే వద్దంటారేమోనని. మొదటి రోజు లోపలినుంచి తలుపు కొట్టారు, నేను సందు చివరిదాకా వెళ్లినా వినపడింది. తర్వాత కొట్టడం మానేశారు.” కొంగు చివర దారప్పోగు ఒకటి లాగింది. “ఆయన కోసమే అనుకున్నాను. నా కోసం కూడా. నాకు ఎవరూ లేరు. సాయంత్రం తాళం తీస్తే లోపల ఒక మనిషి ఉంటారు, వచ్చావా అంటారు. దానికి అలవాటు పడిపోయాను.”

సోమవారం సాయంత్రం తాళం తీసి, ఖాళీ మంచం మీద స్టూలు చూసింది. స్టూలెక్కి రేకు సందులోంచి తల పెట్టింది, కప్పు మీద ఎవరూ లేరు. తన నుంచి తప్పించుకుని పారిపోయారనుకుంది. తాళం సంగతి చెబితే ఏమవుతుందోనన్న భయంతో, ఆయనే తలుపు తీసుకుని వెళ్లినట్టు పోలీసులకి చెప్పింది. దాంతో పోలీసులు రెండు రోజులు రోడ్లు వెతికారు. ఒక్కరూ కప్పెక్కి చూడలేదు.

ఇస్త్రీ అడుగు ముందుకు వేశాడు. “మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తావా? ఆ తర్వాత అబద్ధాలు కూడానా? పదమ్మా, జీపెక్కు.”

నేను మధ్యలో నిలబడ్డాను. “మూడున్నర దాకా ఆగు. అప్పటికి మేస్త్రి దొరక్కపోతే ఈవిడతో పాటు నేను కూడా జీపెక్కుతాను.”

“మీ సరదా కోసం కేసు ఆపలేను గురువు గారూ.”

“సరదా ఏమిటయ్యా? నీ పటం ఖాళీ అంటోంది, ఈవిడ మనిషి ఉన్నాడంటోంది. నువ్వు రెండు రోజులూ పటం మాటే విన్నావు. ఒక గంట మనిషి మాట విను.”

ఇస్త్రీ పళ్లు నూరాడు. కానీ గడియారం చూసుకుని గుమ్మం పక్కకి తప్పుకున్నాడు. నా కింద పనిచేసిన రోజుల్లో నేర్చుకున్నది కాస్తో కూస్తో మిగిలే ఉంది.

సర్వే అమ్మాయిని అడిగాను, సోమవారం డ్రోన్ ఎగిరిందా అని. ఎగిరింది. పదీ ముప్పై ఎనిమిది నుంచి పదీ నలభై ఆరు దాకా, పటం సరిచూడటానికి ఈ వరసల మీదే తిప్పారు. కానీ పటంలో మనుషులు కనపడరంది. ఒక్కో చోటుని పదిసార్లు ఫొటో తీసి, అన్నిటినీ కలిపి ఒకటి చేస్తారట. గోడలూ కప్పులూ కదలవు కాబట్టి మిగులుతాయి. కదిలేవన్నీ చెరిగిపోతాయి.

“మనుషుల్ని లెక్కపెట్టడానికి గీసిన పటంలో ముందు చెరిపేసేది మనుషుల్నేనన్నమాట. కలపకముందు తీసిన అసలు ఫొటోలు ఉన్నాయా?” అన్నాను.

ఆఫీసుకి ఫోన్ చేసి తెప్పించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ దర్జీ ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

పదీ ముప్పై తొమ్మిది ఫొటోలో రేకులు మూసే ఉన్నాయి. పదీ నలభై ఒకటిలో రేకు లేచింది, తెల్లటి తల, ఒక చెయ్యి. పదీ నలభై మూడులో మేస్త్రి కప్పు మీద నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. దర్జీ ఆవిడ ఆ ఫొటోని వేలితో తాకి, వెంటనే వేలు వెనక్కి తీసుకుంది. పదీ నలభై అయిదులో కప్పు మీద ఎవరూ లేరు.

ఆ ఫొటోలో చుట్టూ ఇరవై కప్పులు కనిపిస్తున్నాయి. వేటి మీదా మనిషి లేడు. ముందు సందులో సర్వేవాళ్లున్నారు, వెనక సందులో డ్రోన్ తిప్పేవాళ్లు. వాళ్లు తలెత్తి చూడకపోయినా, దూకితే వాళ్ల మధ్యనే పడేవాడు. రెండు నిమిషాల్లో డెబ్బై ఏళ్ల మనిషి పక్కకి పోలేదు, పైకి ఎలాగూ పోడు. పోతే కిందకే పోవాలి.

“కింద గదే కదా ఉంది” అన్నాడు ఇస్త్రీ, టాబ్‌లో పటం చూపిస్తూ. ముందు వరసలో ఈ గదులు, వెనక వరసలో అట్టపెట్టెల గోడౌన్. రెండిటికీ మధ్య ఒక్కటే గీత. “వీపుకి వీపు ఆనించి కట్టారు. మధ్యలో సూది కూడా దూరదు. పటం ఉంది నా దగ్గర. మీ దగ్గర ఏముంది?”

నేను దర్జీ ఆవిడ వైపు చెయ్యి చాపాను. ఆవిడ మెళ్లోంచి టేపు తీసిచ్చింది. “నా దగ్గర ఇదుంది” అన్నాను.

ఆవిడ గది పక్కనుంచి పోయే సందులో, ముందు మూల నుంచి వెనక మూల దాకా కొలిచాం. అయిదడుగుల టేపు కాబట్టి అయిదుసార్లు పట్టింది, ఆవిడ ఒక చివర, నేను ఒక చివర. ఇరవై అయిదు అడుగులు. మేస్త్రి గది లోపల పది. గోడౌన్ తలుపు తీయించి కొలిస్తే అదీ పదే. గోడలు నాలుగనుకుని, ఒక్కోటి అరడుగు వేసుకున్నా మరో రెండు. మొత్తం ఇరవై రెండు.

“మూడడుగులు ఎక్కడికి పోయాయి ఇన్‌స్పెక్టర్?”

అతను అప్పటికే కానిస్టేబుల్‌ని నిచ్చెన తెమ్మని పంపాడు, అది మాత్రం మెచ్చుకోవాలి.

మూడూ పదిహేనుకి కప్పెక్కాను. రెండు వరసల రేకుల మధ్య నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది, వాన నీళ్లు దిగకుండా ఎవరో ఎప్పుడో వేశారు. ఎండకి నల్లబడ్డ రేకులు, నల్లటి పట్టా. ఆఫీసులో కూర్చుని తెర మీద గీతలు గీసినవాళ్లకి అదంతా ఒకటే కప్పులా కనిపించింది. మేస్త్రికీ అలాగే కనిపించి ఉండాలి, కళ్లజోడు కూడా లేదాయె. పట్టా మీద బరువుకి పెట్టిన పాత టైరు ఒకటి పక్కకి జరిగి ఉంది. పట్టా లాగాను. కింద చీకటి సందు. రెండు చివర్లా గోడ కట్టేసిన మూడడుగుల సందు.

టార్చి వేశాను. అట్టముక్కల గుట్ట మీద ఒక మనిషి పక్కకి తిరిగి పడి ఉన్నాడు.

నిచ్చెన దించి నేనే దిగాను. ఒక కాలు వంకరపోయి వాచింది. తల పక్కన గోడలోంచి నీటిపైపు ఒకటి చుక్క చుక్కగా కారుతోంది, చొక్కా చెయ్యి దానికింద పెట్టి తడుపుకుని, ఆ గుడ్డ చప్పరించినట్టుంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఆడుతోంది. రెండు రాత్రులు ఇక్కణ్ణుంచి పిలిచే ఉంటాడు. గోడౌన్‌లో రాత్రిళ్లు ఎవరూ ఉండరు. ఈ గోడకి అవతల పడుకునే ఒక్క మనిషీ ఆయన్ని వెతుకుతూ బస్టాండులో కూర్చుంది.

పైన ఇస్త్రీ వైర్‌లెస్‌లో అంబులెన్సుని పిలుస్తున్నాడు, యంత్రాన్ని ఆపమని అరుస్తున్నాడు. ఆవిడ అప్పటికే కప్పు మీదకి వచ్చి, పట్టా అంచున మోకాళ్ల మీద వంగి ఉంది. ఆవిడ వెనక సర్వే అమ్మాయి.

వెలుతురు పడేసరికి మేస్త్రి కళ్లు తెరిచాడు. నా చొక్కా పట్టుకున్నాడు. అంత పట్టు ఆ చేతిలో ఉంటుందనుకోలేదు.

“సర్వే బాబేనా?” అన్నాడు.

అవునన్నాను.

“ఎంత పిలిచినా పైకి చూడరేం బాబూ? నా సంగతి తర్వాత. ఆ చివరి గదిలో ఒకావిడ ఉంటుంది. పొద్దున్నే పనికి పోతుంది, తాళం చూసి ఎవరూ లేరనుకోకండి. సాయంత్రం వస్తుంది. తప్పకుండా వస్తుంది. రాసుకోండి.”

కప్పు మీదనుంచి సర్వే అమ్మాయి గొంతు సన్నగా వినపడింది. “సార్, రెండు వందల పదమూడు కూడా ఖాళీ అనే రాశాను.”

మేమంతా ఆ ఫొటో చూసి, తాళం వేసిన గదిలోంచి తనని విడిపించమని చేతులు ఊపుతున్నాడనుకున్నాం. ఆయన మాత్రం, తనకి తాళం వేసిన మనిషే లెక్కలోంచి తప్పిపోతుందని నట్లు విప్పి కప్పెక్కాడు.

“మేస్త్రి గారూ” అని పిలిచింది ఆవిడ.

ఆయన తల కొంచెం ఎత్తి, ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. కళ్లజోడు లేకపోవడం ఒక్కటే కారణం కాదని నాకు తెలుస్తూనే ఉంది, ఆవిడకీ తెలిసింది. నా వైపు తిరిగి, మర్యాదగా, గొంతు తగ్గించి అడిగాడు.

“ఈవిడెవరు బాబూ?”

నేను చెప్పబోయాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆయనకు వినపడేలా సందులోకి ఇంకా వంగింది.

“సర్వేకి వచ్చినదాన్నే మేస్త్రి గారూ. ఆవిణ్ణి రాసుకున్నాను. మీరు పైకి రండి.”